నిఘంటువులో లేని దెబ్బ

మాటకి అర్థం చెప్పమన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్న నా భాషలో, రోజూ నోట్లో నలిగే మాటకి, అందరి ముందూ నిలబెట్టి అర్థం చెప్పమన్నాడు, నేను చెప్పలేకపోయాను. ఇప్పుడీ నడవాలో బల్ల మీద కూర్చున్నాక వస్తున్నాయి అర్థాలు, గొంతు దాకా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. లోపల ముగ్గురు మెజిస్ట్రేట్లు తలుపేసుకుని ఆలోచిస్తున్నారు. ఆలోచిస్తున్నారో టీ తాగుతున్నారో. నేలకి పూసిన మైనం వాసన. ఎదురు బల్ల మీద క్లిఫ్, నా మొగుడు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, ఈ నార్తాంప్టన్ నిండా బూట్లు చేసేవాళ్ళూ బాగుచేసేవాళ్ళే అయినా ఇలా మెరిసే బూట్లు ఇంకొకరి కాళ్ళకి ఉండవు. నీలం సూటు వేసుకున్నాడు. నిన్న సాయంత్రం దానికి ఇస్త్రీ చేసింది నేనే. మొగుడు కొడుతున్నాడు, విడిగా ఉండనివ్వండి అని కోర్టుకెక్కినదాన్ని, ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్నాను, వేరే ఎక్కడుంటాను, అతని సూటు ఇస్త్రీ చేశాను, మోకాలి దగ్గర గీత సరిగా రాలేదంటే మళ్ళీ నీళ్ళు చల్లి చేశాను. చెయ్యకపోతే ఏమయ్యేదో లోపలున్న ఆ ముగ్గురికీ ఎలా చెప్పడం, ఏ మాటతో చెప్పడం.

నా తరఫు లాయరు లవెల్ గారు చిన్నవాడు. చొక్కా అంచుకి సిరా. ఇప్పుడే వచ్చి నా పక్కన వంగి అన్నాడు, "కొట్టాడు అనాల్సిందండీ మీరు. సాదాగా, కొట్టాడు అని." ఇప్పుడా చెప్పేది? అన్నాను. అతను కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కొట్టాడు. నిజమే, ఎంత చిన్న మాట. మా ఇంట్లో ఆ మాట లేదు, అదే చిక్కు. మా ఇంట్లో ఉన్న మాట క్లాబర్. క్లిఫ్ మాట. "క్లాబర్ చేస్తా నిన్ను" అనేవాడు నలుగురిలో, నవ్వుతూ, నా మెడ మీద చెయ్యి వేసి, అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక అన్నంత పనీ చేసేవాడు. పదేళ్ళు ఒకే మాట వింటే అదే నీ మాటైపోతుంది. అందుకే బోనెక్కి ప్రమాణం చేశాక, ఏం జరిగిందో చెప్పమ్మా అంటే, నోట్లోంచి అదే వచ్చింది, పోయిన శనివారం కూడా మా ఆయన నన్ను క్లాబర్ చేశాడండీ, అని. క్లిఫ్ లాయరు పార్జెటర్ గారు ఆ మాటని, పడిపోతున్న గ్లాసుని పట్టుకున్నంత చులాగ్గా పట్టుకున్నాడు.

"టెబట్ గారూ, క్లాబర్ అన్నారు. మీవారి దుకాణంలో ఆ పేరుతో ఒక సరుకు ఉంటుంది కదూ?"

"ఉంటుందండి."

"ఏమిటది?"

"నల్ల ముద్దండి. తోలు పగిలిన చోట పూస్తారు, పగులు కనబడకుండా."

"అయితే మీవారు మీకు నల్ల ముద్ద పూశారా?"

మొదట విలేకరి నవ్వాడు. తర్వాత గుమాస్తా. కాదండి, కొట్టారండి, అన్నాను, అది నవ్వులో కలిసిపోయింది, ఆ ఒక్క సాదా మాట నేను అన్నాను లవెల్ గారూ, ఎవరికీ వినబడలేదు అంతే. పార్జెటర్ చెయ్యెత్తి ఆగమన్నాడు. నేను వేసుకొచ్చిన కోటు వైపు చూశాడు. ఇలాంటి బట్టల్ని మీరు పనిచేసే ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఏమంటారన్నాడు. క్లాబర్ అంటారని చెప్పాను. ఏం చెయ్యను, అంటారు కదా, ఇవాళ మంచి క్లాబర్ వేసుకొచ్చావే ఏవిస్ అని పొద్దున్న కూడా మా వీధిలో ఒకావిడ అంది. "అంటే మీవారు మీకు బట్టలు పెట్టారా?" అన్నాడు. తర్వాత బల్ల కిందనుంచి లావుపాటి నిఘంటువు తీశాడు, ముందే కాగితం ముక్క పెట్టి ఉంచుకున్నాడు, గొంతు సవరించుకుని చదివాడు, ఒకటి, చెప్పులు బాగుచేసేవాళ్ళు తోలు పగుళ్ళు కప్పడానికి వాడే ముద్ద, రెండు, వాడుకలో బట్టలు. పుస్తకం మూసి, దాన్ని మెజిస్ట్రేట్లకి అందించి, "కొట్టడం అన్న అర్థం ఇందులో ఎక్కడైనా ఉందేమో పెద్దలే చూడాలి. నాకైతే దొరకలేదు" అన్నాడు. ముగ్గురూ వంగి చూశారు. మధ్యలో కూర్చున్న మేజరు గారు, యుద్ధంలో పనిచేసినాయన, తెల్ల మీసం, వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు, నా వీపు మీది దెబ్బలు ఆ పేజీలో ఎక్కడో ఉండాలన్నట్టు. లేవు. "ప్రతి బడ్జెట్‌కీ ఆర్థికమంత్రి నన్ను క్లాబర్ చేస్తూనే ఉన్నాడు, నేను ఏ కోర్టుకి వెళ్ళను?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన పక్కన ఊదా టోపీ పెట్టుకున్న ఆడమనిషి కూడా నవ్వింది. పొద్దున్న ఆవిణ్ణి చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఆడది ఉంది, ఆడదానికి తెలుస్తుంది అనుకున్నాను. ఆవిడ నవ్వి, చేతిరుమాలుతో పెదవి తుడుచుకుంది.

తర్వాత క్లిఫ్ బోనెక్కాడు. ఎంత బాగా మాట్లాడాడు. ఆ గొంతుకే కదా నేను పడిపోయింది. అది వాయుసేన మాటండీ అన్నాడు మేజరు గారి వైపు తిరిగి, యుద్ధంలో నేను లింకన్‌షైర్‌లో విమానాల దగ్గర మెకానిక్కుని, పైలట్లు బాంబులేసి తిరిగొచ్చి, ఇవాళ ఫలానా ఊరిని క్లాబర్ చేశాం అనేవాళ్ళు, ఎక్కడ పుట్టిందో ఎవడు పుట్టించాడో తెలీదండి, అందరం అనేవాళ్ళం, మా ఇంట్లో అదో సరదా మాట. మేజరు గారు తలూపాడు, నేనూ విన్నాను అన్నాడు, ఏ స్క్వాడ్రన్ నీది అన్నాడు. ఆ క్షణాన వాళ్ళిద్దరూ ఒకటి, నేనొకటి. ఊళ్ళని కాల్చొచ్చి చెప్పుకునే మాట సరదా మాట ఎలా అయిందని ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. నేనూ ఆ కథ విని నవ్వినదాన్నే. మొదటిసారి అతని దుకాణానికి వెళ్ళిన రోజు, నా ఎడమ బూటు పక్కన పగిలింది, కొత్తవి కొనే స్తోమత లేదు, అతను పెదాల మధ్య మేకులు పెట్టుకుని, చిన్న దీపం మీద క్లాబర్ కరిగించి, బొటనవేలితో ఆ పగుల్లోకి అద్దాడు, అంత మెత్తగా, జబ్బుపడ్డ పిల్లకి మందు రాసినట్టు. ఆరాక రుద్ది చూపించాడు. పగులు ఎక్కడుందో నేనే కనుక్కోలేకపోయాను. "నేను పూస్తే ఎవరికీ కనబడదు" అన్నాడు. ఆ చేతుల్ని చూసి పెళ్ళి చేసుకున్నాను. ఆ చేతులకి తోలు ఎక్కడ పలచగా ఉంటుందో, ఎక్కడ ఎంత పట్టుకుంటుందో తెలుసు. నా ముఖం మీద ఎప్పుడూ దెబ్బ వెయ్యలేదు. మోచేతి కింద ఎప్పుడూ వెయ్యలేదు. బూటు అడుగుకి వేసే మందపాటి తోలు పట్టీని నీళ్ళలో నానబెట్టేవాడు, నానితే మెత్తబడి బరువెక్కుతుంది, చర్మం చిట్లదు, లోపల కమిలిపోతుంది.

శనివారం క్లబ్బులో స్కిటిల్స్ ఆడతారు, బల్ల మీద గుంజలు నిలబెట్టి చెక్కబిళ్ళలు విసిరి పడగొట్టే ఆట, క్లిఫ్ దానిలో మొనగాడు. ఓడిపోయిన రోజు తలుపు చప్పుడులోనే నాకు తెలిసిపోయేది. గెలిచిన రోజు కూడా కొట్టేవాడు, అది చెప్పలేదు నేను కోర్టులో, చెబితే నమ్మరని. "వెనక్కి పద" అనేవాడు, అంతే. వెనకగదిలో పనిముట్లు, తోలు, బల్లకి బిగించిన ఇనుప పాదం, బూటు తొడిగి మేకులు కొట్టడానికి. మా అమ్మాయి హేజెల్ పైన గదిలో ఉండేది. దానికి వినబడకూడదని నేను నోట్లో ఏప్రన్ కొస కుక్కుకునేదాన్ని. అరవలేదు కాబట్టి కొట్టలేదన్నారు ఇవాళ. డాక్టరు దగ్గర మెట్ల మీంచి పడ్డానని నేనే అన్నాను, రెండోసారి అడిగితే మళ్ళీ మెట్లే అన్నాను, అది పార్జెటర్ చదివి వినిపించాడు, "మీ ఇంటి మెట్లు బాగుచేయించుకోవాలి" అన్నాడు. మొగుడు ఎప్పుడో ఒకసారి చెయ్యి చేసుకుంటే చట్టానికి చాలదట, విడవకుండా కొట్టాలట, విడవని క్రూరత్వం అని ఉందట పుస్తకంలో. విడవలేదండీ, ఎప్పుడూ విడవలేదు, అని మనసులో చాలాసార్లు అనుకున్నాను, ఎంత బాగుందీ మాట, ఈ మాట నేనే అని ఉంటే.

నడవా చివర మిసెస్ గాచ్ కూర్చుని ఉంది, మా పక్కింటావిడ, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు నిలబెట్టుకుని. నా ఒక్క సాక్షి. గోడకి అటువైపు వాళ్ళ వంటిల్లు. అక్కణ్ణుంచి అంతా విన్నానని ఆవిడే అంది నాతో, బట్టలారేస్తూ, "ఎన్నాళ్ళు పడతావు పిల్లా, నువ్వు కోర్టుకెక్కు, నేనొచ్చి చెబుతా" అని ఆవిడే అంది. బోనులో లవెల్ గారు అడిగారు, శనివారాలు మీకేం వినబడేది? ఆవిడ చేతి తొడుగు వేళ్ళు ఒక్కొక్కటీ లాక్కుంటూ అంది, "సుత్తి చప్పుడండి." ఇంకేం వినలేదా? "లేదండి. ఆయన పనిమంతుడు, శనివారం కూడా పని చేసుకుంటాడు, ఇనుము మీద సుత్తి, టంగు టంగుమని. అంతే." నేను ఆవిడకేసి చూశాను. ఆవిడ అబద్ధం చెప్పింది, గోడకి గ్లాసు ఆనించి, దానికి చెవిపెట్టి విన్నానని చెప్పిన మనిషి. కానీ సుత్తి చప్పుడు అబద్ధం కాదు. సుత్తి నిజం. పట్టీతో ఒక దెబ్బ నాకు వేసి, సుత్తితో ఒక దెబ్బ ఇనుప పాదానికి వేసేవాడు. మళ్ళీ నాకు, మళ్ళీ ఇనుముకి. కోపం అనుకునేదాన్ని. కోపం పట్టలేక దాన్నీ బాదుతున్నాడని, పాపం దానికీ తప్పలేదని, అంత నొప్పిలోనూ ఆ ఇనప ముక్క మీద జాలిపడ్డాను ఒకసారి. ఇవాళ మిసెస్ గాచ్ సుత్తి అన్నప్పుడు క్లిఫ్ ముఖంలో ఏమీ కదల్లేదు. ఒక్క కనురెప్ప కూడా. అప్పుడు తెలిసింది. ఈ బల్ల మీద కూర్చున్నాక పూర్తిగా తెలుస్తోంది. కోపం కాదది. గోడకి వినిపించడానికి. పదేళ్ళ నుంచి, ఎప్పుడో ఒకరోజు ఎవరో అడుగుతారని, అడిగితే పక్కింటివాళ్ళు సుత్తి అనాలని, ఒక్కో దెబ్బకీ ముందే సాక్ష్యం తయారు చేసి పెట్టుకున్నాడు. కోపం వచ్చినవాణ్ణి ఎలాగో కాచుకోవచ్చు. లెక్కగా కొట్టేవాడితో కాపురం చేశాను, అతనికి కోపం ఎక్కువ పాపం అని మా అక్కకి ఉత్తరాల్లో రాశాను.

మిసెస్ గాచ్ లేచి వచ్చింది. బ్యాగులోంచి పిప్పరమెంటు తీసి నా చేతిలో పెట్టింది.

"ఏమనుకోకే తల్లీ. మా ఆయనా క్లిఫ్ ఒకే జట్టులో ఆడతారాయె. రేపు మళ్ళీ ఆ గోడ పక్కనే బతకొద్దూ మేము?"

"నేనూ ఆ గోడ పక్కనే బతకాలి కదండీ."

"నువ్వు చిన్నదానివి. ఓర్చుకోగలవు." నా భుజం తట్టింది, సరిగ్గా కమిలిన చోట. నేను ఉలిక్కిపడితే ఆవిడ చెయ్యి గబుక్కున తీసేసింది. తెలుసు ఆవిడకి. చేతికి కూడా తెలుసు.

కిటికీలోంచి ఎక్కడో ఫ్యాక్టరీ కూత. మా కుట్టుగదిలో ఇప్పుడు టీ వేళ. మిషన్లు ఆపి ఆడవాళ్ళందరూ వేళ్ళు విరుచుకుంటూ ఉంటారు, ఏవిస్ గెలిచిందా, ఓడిందా అని పందేలు కూడా వేసుకుంటూ ఉంటారు. అక్క ఆలివ్ కెటరింగ్‌లో వాళ్ళింట్లో నాకూ హేజెల్‌కీ పక్క గది ఖాళీ చేసి ఉంచింది. మా బావ రెజ్ మంచివాడే, కానీ ముందే చెప్పాడు, "కోర్టు ఆర్డరు తెచ్చుకుంటే రా ఏవిస్, గుమ్మంలో క్లిఫ్ నిలబడి నా పెళ్ళాన్ని పంపు అంటే నేను ఆ ఆర్డరు చూపించాలి, వట్టి చేతులతో ఏం చెప్పను?" హేజెల్‌కి ఆ ఊళ్ళో బడి కూడా చూసింది అక్క, వెనక ఆడుకునే చోటుందట. హేజెల్‌కి చెప్పలేదు ఇంకా. చెబితే నోరు జారుతుంది, ఆరేళ్ళది. దానికి నేర్పింది ఒక్కటే, ఎవరేమడిగినా మా ఇంట్లో అందరం బావుంటాం అని చెప్పమని. తలదువ్వుతూ నేర్పాను. బడిలో టీచరు నా నడక చూసి ఏదో అడిగిన తర్వాత. ఏమంటావు? మా ఇంట్లో అందరం బావుంటాం. ఇంకోసారి చెప్పు. పాటలా చెప్పేది.

క్లిఫ్ లేచాడు. గుమాస్తా చూస్తుండగా రెండు కప్పుల టీ తెచ్చాడు, ఒకటి నా ముందు పెట్టి, సాసర్‌లో ఒలికింది జేబురుమాలుతో తుడిచి, కిందికి వంగి, ప్రేమగా మాట్లాడుతున్న మొగుడిలా అన్నాడు. "తాగు ఏవిస్. పాలిపోయావు."

నేను తాకలేదు.

"ఆ మేజరు భలేవాడు కదూ. నువ్వు మాట అనగానే నవ్వాడు చూడు. నాకు నవ్వాపుకోవడం కష్టమైంది." గొంతు ఇంకా తగ్గించాడు. "పదేళ్ళు నీకు ఆ మాట నేర్పాను. పోలీసుల దగ్గరికి వెళ్ళినా, పాదిరీ దగ్గరికి వెళ్ళినా నువ్వు ఆ మాటే అంటావని నాకు తెలుసు. ఎవడైనా నవ్వుతాడు దానికి."

నేను అతని కళ్ళలోకి చూశాను. ఆ కళ్ళలో ఏమీ లేదు, పని చేసుకునేటప్పుడు ఉండే శ్రద్ధ తప్ప. పిలుపు వచ్చింది. నా కోసం తలుపు పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు, దొరబాబులాగా, ఊదా టోపీ ఆవిడ అది చూసింది.

మేజరు గారు చాలాసేపు మాట్లాడాడు, అందులో కొన్నే నాకు చేరాయి. భార్య నోటి నుంచి వచ్చింది ఒక్క మోటు మాట, దానికి పది అర్థాలు. డాక్టరుకి ఆమె చెప్పింది వేరు. పొరుగావిడ విన్నది కష్టజీవి సుత్తి చప్పుడు. అన్నిటికంటే ముఖ్యంగా, కోర్టు తరఫున ఒక అధికారిణి ఇవాళ పొద్దున్న బడికి వెళ్ళి బిడ్డతో ఒంటరిగా మాట్లాడింది. మా ఇంట్లో అందరం బావుంటాం అని ఆ పసిది అడిగినన్ని సార్లూ ఒకేలా చెప్పింది. పసిపిల్లలు అబద్ధం ఆడరని ఇంతమంది పిల్లల తండ్రిగా నాకు తెలుసు. అంచేత కేసు కొట్టేస్తున్నాం. ఇద్దరూ ఇంటికెళ్ళండి. "మీరమ్మా, మాటలు కాస్త చూసి వాడండి" అన్నాడు చివర్న, దయగానే అన్నాడు. లవెల్ గారు కాగితాలు సంచిలో పెట్టుకుంటున్నారు, నావైపు చూడకుండా. నేను లేచాను. పాటలా చెప్పి ఉంటుంది. ఎక్కడా తడుముకోకుండా చెప్పి ఉంటుంది. నా దువ్వెన పళ్ళు ఆ జుట్టులో దిగుతున్నట్టే ఉంది నాకు.

బయట చినుకులు. క్లిఫ్ మెట్ల మీద పార్జెటర్‌తో చేతులు కలుపుతున్నాడు. నేను ఆగలేదు, బడికి నడిచాను, నడక కాదు, కోటు చేత్తో పట్టుకుని పరుగు, ఆర్డరు లేకపోతే లేకపోయింది, దాన్ని తీసుకుని బస్సెక్కుతాను, రెజ్ కాళ్ళ మీద పడతాను, వాళ్ళ బొగ్గుకొట్టులో పడుకుంటాను. బడి గేటు దగ్గర టీచరు గొడుగు కింద నిలబడి ఉంది. హేజెల్‌ని మధ్యాహ్నమే వాళ్ళ నానమ్మ తీసుకెళ్ళిందండీ, మీరే పంపారంది కదా, అంది. మధ్యాహ్నానికి ఇంకా నేను బోనైనా ఎక్కలేదు.

అత్తగారి ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు తీసే ఉంది. లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఉడికించిన హామ్ కోసి పెట్టింది, బీట్‌రూట్ ముక్కలు, పండగ రోజు తీసే కప్పులు. నలుగురికి. "రా, తడిశావు, కోటు విప్పు" అంది అత్తగారు, నేను పెరట్లోంచి వచ్చినట్టు. హేజెల్ పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుంది, నొప్పి కళ్ళలోకి ఎక్కింది, దాన్ని విడిపించుకోలేదు.

"అమ్మా, బడికి ఒకావిడ వచ్చింది తెలుసా? నాన్న అమ్మని ఏమైనా చేస్తాడా అని అడిగింది. మళ్ళీ అడిగింది. చాక్లెట్ ఇచ్చి కూడా అడిగింది. నేను మర్చిపోలేదు. నువ్వు నేర్పినట్టే చెప్పాను." ముఖమెత్తి చూస్తోంది, వెలిగిపోతూ, మెచ్చుకుంటానని.

"మంచిపని చేశావు" అన్నాను. ఇంకేమనను. "నా బంగారుతల్లివి."

దాని కోటు మేకుకి వేలాడుతోంది, చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి చాపాను. వీధిలో బూట్ల చప్పుడు, గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకోవడం, టోపీ దులపడం. క్లిఫ్ లోపలికొచ్చి తల్లిని ముద్దు పెట్టుకున్నాడు, నా చేతినీ కోటునీ చూశాడు, "చల్లారిపోతాయి, కూర్చోండి" అన్నాడు అందరితో. నేను కోటు వదిలేశాను. గోడవైపు కుర్చీలో కూర్చుని, హేజెల్ కోసం పక్క కుర్చీ కాస్త వెనక్కి లాగాను. అది కుర్చీని చూసింది. నన్ను చూసింది. బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, వాళ్ళ నాన్న పక్కన ఎక్కి కూర్చుని, అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వయసుకే దానికి తెలిసిపోయింది, ఆ బల్ల దగ్గర ఎటువైపు కూర్చుంటే దెబ్బ తగలదో.